మూడు కంప్యూటర్ల మధ్య నల్ల తీగ

ఆత్మకూరులో నేను పనిచేసిన డీటీపీ ఆఫీసుకు మెట్లెక్కి పోవాలి. కింద మా ఓనరు వాళ్ళ నాయనది హోల్‌సేల్ కిరాణా దుకాణం. ఎండుమిరపకాయల బస్తాలు మెట్ల పక్కనే దించేవాళ్ళు కాబట్టి పైకి వచ్చేవాళ్ళందరూ తుమ్ముతూ వచ్చేవాళ్ళు. మెట్ల మీద తుమ్ము వినపడగానే గిరాకీ వస్తోందని మేము సర్దుకుని కూర్చునేవాళ్ళం.

తొంభైల చివరి సంగతి ఇది. నెల్లూరులో ఏడాది పాటు కంప్యూటర్ కోర్సు చేసి, ఆ ఆఫీసులో చేరాను. రోజూ పొద్దున్నే ఉదయగిరిలో బస్సెక్కి రావడం, సాయంత్రం బస్సులోనే పోవడం. నాకు ఇరవై రెండేళ్ళు. మా వీధిలో కంప్యూటరు ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నా వేళ్ళు పట్టుకుని చూసేవాళ్ళు, వాటికేమైనా తేడా వచ్చిందేమోనన్నట్టు. నాకు కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

ఆఫీసులో మేము నలుగురం. ముందుగదిలో అక్క. ఆమె పేరు పెట్టి నేను ఎప్పుడూ పిలవలేదు. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. పెళ్ళికార్డు ఒకసారి వింటే చాలు, చూడకుండా టైపు చేసేది. ప్రింటరు ఆమె కంప్యూటరుకే ఉండేది. ఆమె పక్కన నా కంప్యూటరు. వెనకగదిలో మూడోది, ఓనరుది. అతను ముప్పై దాటని మనిషి, వినాయకుడి బొమ్మలు, సిలువ బొమ్మలు, ఉంగరాల జత బొమ్మలు అక్కడ స్కాన్ చేసుకుంటూ ఉండేవాడు. రెండు గదుల మధ్య సన్నటి నడవా. ఆ నడవాలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ కుర్చీలో మా ప్రూఫ్‌రీడరు అయ్యవారు.

అయ్యవారు ఉదయగిరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాకూ మూడేళ్ళు చెప్పారు. నాతోపాటు అదే బస్సులో వచ్చేవారు. వెనక సీట్లో కూర్చుని, ఎర్ర పెన్ను తీసి, ఆనాటి పేపర్లో తప్పులు దిద్దుకుంటూ వచ్చేవారు. దిద్దిన పేపర్ని ఎవరికీ పంపేవారు కాదు. మడిచి సంచిలో పెట్టుకునేవారు, అంతే.

ఆయన నవ్వు చూసింది నేను ఆఫీసులోనే. మొదటిసారి చూసినప్పుడు గుండెనొప్పి అనుకుని నీళ్ళు తీసుకుని పరుగెత్తాను. ఎందుకంటే ఆ నవ్వుకు చప్పుడు ఉండదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెడతారు. కండువా కొస నోటికి అడ్డం పెట్టుకుంటారు. కుర్చీ వెనక్కి వాల్చి, వెనకకాళ్ళ మీదే దాన్ని నిలబెట్టి, భుజాలు అదిరిపోయేటట్టు అర నిమిషం ఊగుతారు. ఆ తరువాత ముందుకు వాలి, అద్దాలు పెట్టుకుని, తప్పు చుట్టూ ఎర్ర సున్న చుడతారు. వెనక్కి తిరిగి చూస్తే తప్ప ఆయన నవ్వారని ఎవరికీ తెలియదు.

ఆ వేసవిలో ఓనరు నెల్లూరు నుంచి ఒక ఇంజనీరును పిలిపించి మూడు కంప్యూటర్లకూ నెట్‌వర్కు వేయించాడు. అంతకుముందు ఏది ప్రింటు తీయాలన్నా ఫ్లాపీలో ఎక్కించుకుని అక్క దగ్గరికి పోవాలి. ఇప్పుడు ఒకే ఒక నల్ల తీగ, అక్క కంప్యూటరు దగ్గర మొదలై, నా కంప్యూటరును తాకి, నడవా గోడ వెంబడి పోయి, ఓనరు కంప్యూటరు దగ్గర ఆగుతుంది. రెండు కొసలకూ రెండు చిన్న మూతలు, అవి లేకపోతే తీగ పనిచేయదు. ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చుని ప్రింటు ఇవ్వొచ్చు.

ఓనరుకు అది ఎంత గర్వమంటే, వచ్చినవాళ్ళందరికీ చూపించకుండా పంపేవాడు కాదు. కలువాయి నుంచి కొడుకు పెళ్ళికార్డుకని వచ్చిన ఒక రైతును ముందుగదిలో ప్రింటరు పక్కన నిలబెట్టి, తను వెనకగదికి పోయి మీట నొక్కాడు. కాయితం వచ్చింది. ఆ పెద్దాయన కాయితాన్ని తిప్పి చూశాడు, నడవాలోకి తొంగిచూశాడు, గోడ మీద తీగను కళ్ళతోనే చివరిదాకా అనుసరించాడు. తరువాత అక్కను మెల్లగా అడిగాడు, ఇంత పెద్ద కాయితం అంత సన్నపు తీగలో ఎట్టా దూరిందని. అక్క తల వంచి కీబోర్డు తుడుస్తూ ఉండిపోయింది.

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. సరిగ్గా ముహూర్తాలు ముంచుకొచ్చినప్పుడు మొదలైంది జబ్బు.

ఓనరు వెనకగది నుంచి కార్డు ప్రింటుకు ఇస్తాడు. ప్రింటరు గురగురమంటుంది. వరుడి పేరు, వాళ్ళ అమ్మానాయనల పేర్లు అచ్చవుతాయి. అక్కడ ఆగిపోతుంది. వధువు రాదు. తెర మీద ప్రింటరు దొరకడం లేదని ఒక పలక వస్తుంది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఇస్తే శుభ్రంగా వస్తుంది. ఒక్కోసారి నా కంప్యూటరు నుంచి అక్కకు కూడా మాట పోదు. ఒక్కోరోజు ఆరేడుసార్లు, ఒక్కోరోజు ఒక్కసారి కూడా ఉండదు. సగం పెళ్ళిళ్ళ కాయితాలు ఒక దొంతరగా పేరుకున్నాయి. వరుళ్ళందరూ ఒంటరిగా మిగిలిపోయారు. మేము మళ్ళీ ఫ్లాపీలు చేతబట్టుకుని అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాం.

ఓనరు ముందు ఎలుకల్ని అనుమానించాడు. కింద బస్తాల్లో బలిసిన ఎలుకలు పైకి వచ్చి తీగ కొరుకుతున్నాయని, నాలుగు మూలలా నాలుగు బోనులు పెట్టించాడు. ఒక ఎలుక పడింది కూడా. దాన్ని చూసి అందరం సంతోషించాం. మధ్యాహ్నానికి నెట్‌వర్కు మళ్ళీ పోయింది. తరువాత కరెంటును అనుమానించి కొత్త స్టెబిలైజరు తెచ్చాడు. దానికీ లొంగలేదు.

నెల్లూరు ఇంజనీరు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆయన ఉన్నంతసేపూ నెట్‌వర్కు పట్టాలెక్కిన రైలులా నడిచింది. మూడు గంటలు కూర్చుని, టీ తాగి, అంతా బాగానే ఉందని రాసిచ్చి వెళ్ళాడు. ఆయన బస్సు సంగం దాటి ఉంటుందో లేదో, ఇక్కడ వధువు మాయమైంది. మళ్ళీ రమ్మని ఫోన్ చేస్తే, మీ ఆఫీసులో నన్ను చూస్తే భయపడే కంప్యూటర్లున్నట్టున్నాయని నవ్వాడట.

అప్పుడు నేను నోరు జారాను. మా కోర్సులో దీని గురించి ఒక పాఠం ఉండేదని, నా నోటుపుస్తకం ఇంట్లో ఉందని అన్నాను. ఓనరు నా వైపు తిరిగాడు.

“అయితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పాపా? రేపట్నుంచి ఇది నీ పని.”

ఆ పాఠం చెప్పినరోజు నేను సగం నిద్రలో ఉన్నానని అతనికి చెప్పలేదు.

నోటుపుస్తకంలో రెండు పేజీలున్నాయి. ఒక పేజీ నిండా నేను వేసుకున్న గులాబీ పువ్వు. రెండో పేజీలో పనికొచ్చే ముక్కలు రెండు దొరికాయి. తీగలో ఎక్కడ తెగినా మొత్తం పడిపోతుంది కాబట్టి, కొసన ఉన్న మూతను తీసి మధ్యలో పెట్టి, సగం సగం చేసి వెతకాలి. ఇది మొదటిది. రెండోది పింగ్. నల్ల తెర మీద ఆ మాట కొడితే మన కంప్యూటరు అవతలిదాన్ని ఉన్నావా అని అడుగుతుంది, అది ఉన్నానంటుంది. ఆ జవాబు ఒక్కో వరుసగా తెర మీద పడుతూ పోతుంది. జవాబు రాకపోతే రాలేదని పడుతుంది.

మర్నాడు ఓనరు కంప్యూటరు దగ్గరున్న మూత పీకి నా కంప్యూటరు వెనక తగిలించాను. వెనకగది విడిపోయింది. నేనూ అక్కా ఇద్దరమే మిగిలాం. ఆ రోజంతా, మర్నాడంతా ఒక్కసారి కూడా పోలేదు. అంటే మా ఇద్దరి మధ్య తీగ మంచిదే. జబ్బు నడవాలోనో, వెనకగదిలోనో ఉంది. ఇది తెలిసిన క్షణంలో నాకు ఒళ్ళు తేలిపోయింది. ఎవరూ చెప్పకుండా ఒక సంగతి నా అంతట నేనే తేల్చుకోవడం అదే మొదటిసారి. క్యారియరులో ఉన్న పులుసన్నం అక్క సగం, నేను సగం తిని, ఇద్దరం ఏదో పరీక్ష పాసయినట్టు కూర్చున్నాం.

మూడోరోజు మూత మళ్ళీ వెనకగదికి మార్చి, నా తెర మీద పింగ్ పెట్టి, వరుసలు చూస్తూ కూర్చున్నాను. జవాబు ఆగినప్పుడల్లా టైము రాసుకున్నాను. పదకొండుంపావు. పన్నెండుకు ఐదు తక్కువ. పన్నెండున్నర. ఆ టైముల్లో ఏం జరిగిందని ఎంత ఆలోచించినా తట్టలేదు. కింద బస్తాలు దించలేదు, ఫ్యాన్లు ఆగలేదు, మెట్ల మీద ఎవరూ తుమ్మలేదు.

అక్క అప్పటికే ఆ రోజు ప్రూఫుల కట్ట ముందు పెట్టుకుని తప్పులు సరిచేస్తోంది. అయ్యవారికి బడి అలవాటు పోలేదు. దిద్దిన ప్రతి కాయితం కింద సంతకం పెట్టి టైము వేసేవారు. అక్క ఒక కాయితం చూసి, నా చేతిలో చీటీ చూసి, మళ్ళీ కాయితం చూసింది.

“ఏందిమే ఇది, పదకొండుంపావు ఈడ కూడా ఉండాదే.”

ఆ కార్డులో ‘మధ్యాహ్నం విందు’ అని ఉండాల్సిన చోట ‘మద్యాహ్నం విందు’ అని పడింది. అయ్యవారు ‘ద్యా’ చుట్టూ సున్న చుట్టి, పక్కన, ‘మధ్యాహ్నమే మద్యమా?’ అని చిన్న అక్షరాలతో రాశారు. పన్నెండుకు ఐదు తక్కువ కాయితం తీశాం. అది జలదంకి నుంచి వచ్చిన క్రైస్తవుల పెండ్లి పత్రిక. ‘ప్రభువునందు ప్రియులైన’ అని ఉండాల్సిన చోట ‘ప్రభుత్వమునందు ప్రియులైన’ అని ఉంది. పన్నెండున్నర కాయితంలో ‘మా ఏకైక కుమారుడు’ కాస్తా ‘మా ఏకాకి కుమారుడు’ అయిపోయాడు. అవి కాక ఆ రోజు దిద్దిన కాయితాలు ఇరవై దాకా ఉన్నాయి. వాటిల్లో ఉన్నవన్నీ మామూలు తప్పులు, దీర్ఘం పోయినవి, ఒత్తు పోయినవి. ఆ టైముల్లో నెట్‌వర్కు పోలేదు.

మేమిద్దరం మెల్లగా వెనక్కి తిరిగి నడవా వైపు చూశాం. అయ్యవారు నిటారుగా కూర్చుని గంభీరంగా దిద్దుకుంటున్నారు. ఆయన కుర్చీ వెనక గోడ. గోడకు, నేలకు మధ్య నల్ల తీగ. అక్క నోట్లో చీర కొంగు కుక్కుకుంది. నేను బల్ల కిందికి వంగి ఏదో పడిపోయినట్టు వెతుక్కున్నాను. అట్లా ఎంతసేపు ఉండిపోయామో, కడుపులో నొప్పి పుట్టింది.

ఇంజనీరు వచ్చినప్పుడు జబ్బు ఎందుకు కనపడలేదో కూడా తెలిసిపోయింది. కొత్త మనిషి ముందు అయ్యవారు నవ్వరు.

ఓనరుకు చెప్తే నమ్మలేదు. నవ్వుకూ నెట్‌వర్కుకూ ఏం సంబంధం, మీరిద్దరూ ఆటలాడుతున్నారా అన్నాడు. నా కళ్ళముందు చేసి చూపించమన్నాడు. అయ్యవారికి ముందే చెప్తే ఆయన నవ్వరు కాబట్టి, చెప్పకుండానే నవ్వించాలి. అక్కా నేనూ కూర్చుని ఒక కార్డు తయారుచేశాం. ‘చిరంజీవి’ని ‘చిరుజీవి’ చేశాం. ‘కనిష్ఠ పుత్రిక’ను ‘కష్ట పుత్రిక’ చేశాం. ‘వధూవరుల’ను ‘వధ వరులు’ చేశాం. మాకే నవ్వాగలేదు. తీసుకుపోయి ఆయన బల్లమీద పెట్టి, వచ్చి తెర ముందు కూర్చున్నాం. ఓనరు స్కానరు దుమ్ము దులుపుతున్నట్టు వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు.

అయ్యవారు మూడు తప్పులకూ మూడు సున్నలు చుట్టారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. తెర మీద జవాబులు వరుసగా పడుతూనే ఉన్నాయి. కాయితం నాకు తిరిగి ఇస్తూ అన్నారు:

“ఈ తప్పులు ఎవురో కావాలని చేసినట్టుండాయి పాపా. నిజం తప్పుకు ఒక అమాయకత్వం ఉంటాది. ఇందులో అది లేదు.”

నేను తల వంచుకుని వచ్చేశాను. ఎనిమిదో తరగతిలో కాపీ కొట్టి దొరికిపోయినట్టుంది.

ఓనరు విసుక్కుని, సరే, ఈ లోపల ఇది ఒకసారి చూడండయ్యోరూ, తలుపుకు అంటించాల అని తను టైపు చేసుకున్న కాయితం ఒకటి ఆయన ముందు పెట్టాడు. అప్పట్లో కంప్యూటరు గదిలోకి చెప్పులతో రానిచ్చేవాళ్ళు కాదు. ఎంత చెప్పినా ఊరి జనం వినడం లేదని బోర్డు పెట్టదలిచాడు. పెద్ద అక్షరాలతో ఇట్లా ఉంది: ‘చెప్పులు ఇక్కడ విడిచి పోవలెను.’

అయ్యవారు చదివారు. ఇంకోసారి చదివారు. వేలు ‘పోవలెను’ దగ్గర ఆగింది. అద్దాలు తీసి బల్లమీద పెట్టారు. చెయ్యి కండువా కోసం వెతుక్కుంటోంది. కుర్చీ ముందుకాళ్ళు లేచాయి. వీపు గోడకు ఆనింది. భుజాలు ఊగడం మొదలైంది.

అక్క తెర చూసి చెప్పడం మొదలుపెట్టింది. “వస్తా ఉండాది. వస్తా ఉండాది.” ఒక్క క్షణం ఆగింది. “పోయింది.”

నేను పరుగున పోయి ఆయన కుర్చీ వెనక నేలమీద కూర్చున్నాను.

“అయ్యోరూ, అట్టే ఉండండి. ముందుకు రావద్దు.”

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నవ్వు మాత్రం ఆగలేదు. ఎక్కడ వెనక్కి పడిపోతారోనని ఓనరు వచ్చి రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు. అరవై దాటిన మా తెలుగు అయ్యవారు గాలిలో కాళ్ళు తేలేసి, కండువా నోట్లో పెట్టుకుని ఊగుతున్నారు. నేను ఆయన కుర్చీ కింద సగం దూరి తీగను తడుముతున్నాను. సరిగ్గా కుర్చీ వెనకకాలు గోడను నొక్కే చోట చేతికి ఒక జాయింటు తగిలింది. తీగ పొడవు చాలక రెండు ముక్కల్ని కలిపిన చోటది. ఇంకా పైకి లేవకుండానే దాన్ని వేళ్ళతో కొంచెం అటు జరిపాను.

“వచ్చింది,” అంది అక్క.

ఇటు జరిపాను.

“పోయింది.”

అటు జరిపాను. వచ్చింది. ఇటు జరిపాను. పోయింది. ఇంకో నాలుగుసార్లు అవసరం లేకపోయినా జరిపాను. ఆ సంతోషం ఎట్లా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. కుర్చీ కింద దుమ్ములో, తల మీద అయ్యవారి చెప్పుల్లేని పాదాలు ఊగుతుండగా, నేను గట్టిగా నవ్వేశాను. దాంతో ఓనరుకు నవ్వొచ్చింది. అతని చేతులు సడలి కుర్చీ దబ్బున ముందుకు పడింది. అప్పుడు అయ్యవారి గొంతులోంచి నిజంగా చప్పుడుతో నవ్వు వచ్చింది. అక్క చెప్పింది, ఆ చప్పుడుకు కింద దుకాణంలో పొట్లాలు కడుతున్నవాళ్ళు తలెత్తి పైకి చూశారట.

జాయింటు విప్పితే లోపల వెంట్రుకంత రాగితీగ మధ్యలో ఉండే సూదిలాంటి మొన నుంచి విడిపోయి ఊగులాడుతోంది. కుర్చీ నొక్కితే దూరం జరుగుతుంది, వదిలితే ఆనుకుంటుంది. ఆ తీగ కొస పట్టుకుని ఎదురుగా ఉన్న రేడియో రిపేరు షాపుకు పోయాను. షాపతను అతుకు పెట్టాడు, నేను పట్టుకున్నాను. జాయింటును ఈసారి నేలమీద వదలకుండా, కుర్చీకి అందనంత ఎత్తులో మేకు కొట్టి కట్టాను.

 ఓనరే అయ్యవారికి అంతా వివరించాడు. ఇన్ని రోజుల గొడవా తన వల్లేనని తెలిసి ఆయన చిన్నబోయారు. బల్లను ముందుకు జరుపుకుని, కుర్చీ అంచున, వీపు ఎక్కడా ఆనకుండా సాయంత్రందాకా కూర్చుని దిద్దారు. నాకు మనసులో గుచ్చుకుంది. బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉంటే పోయి కూర్చుని, జాయింటు పైకి కట్టేశానని, ఇక ఎంత నవ్వినా ఏమీ కాదని చెప్పాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తరువాత మెల్లగా అన్నారు.

“ముప్పయ్యేళ్ళు బడిలో నవ్వకుండా కూర్చున్నాను పాపా. బిడ్డ రాసిన తప్పుకు అయ్యోరు నవ్వితే ఆ బిడ్డ మళ్ళా రాయదు. పెండ్లికార్డుకైతే నొప్పుండదు గదా, అందుకని ఈడ నవ్వుకుంటా ఉండాను.”

నా తప్పులకు కూడా అట్లాగే ఆపుకున్నారా అని అడిగాను. అడగాల్సింది కాదు. ఆయన భుజాలు కదిలాయి.

“నువ్వు ఎనిమిదిలో ఉండంగా సెలవు చీటీ ఇచ్చినావు. ‘నాకు జ్వరము రానందున బడికి రాలేకపోతిని’ అని రాసినావు. ఆ పూట నాలుగో పీరియడు ఎట్టా చెప్పినానో నాకే తెలవదు.”

దుత్తలూరు వచ్చిందాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. కండక్టరు టికెట్ల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, ఏందో నాకూ చెప్పండి అని నిలబడ్డాడు. చెప్పే పరిస్థితిలో ఇద్దరమూ లేము.

ఆ ముహూర్తాల కార్డులన్నీ టైముకు పోయాయి. వధువులందరూ వచ్చారు. ఓనరు ఈ కథను గిరాకీ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, ఒక్కోసారి ఒక్కో రకంగా. కొన్నాళ్ళకు సంగంలో ఒక విత్తనాల కంపెనీ వాళ్ళ చిన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ రెండు కంప్యూటర్ల మధ్య మాట పోవడం లేదట, మీ దగ్గర ఎవరో ఇంజనీరమ్మ ఉందంట, పంపిస్తారా అని. ఓనరు రిసీవరు చేత్తో మూసి, నన్ను చూసి, చెయ్యి తీసి, ఉండాది, పంపిస్తాను అన్నాడు.

తోడుకు అక్క వచ్చింది. నోటుపుస్తకం, రెండు మూతలు, ఒక స్క్రూడ్రైవరు చేతిసంచిలో వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని పోయాను. ఆ ఆఫీసులో మాకోసం కుర్చీలు తుడిచి పెట్టారు. మేనేజరు నిలబడే మాట్లాడాడు. కంప్యూటరు వెనక్కి పోయి చూస్తే తీగ ఊడిపోయి కింద వేలాడుతోంది. ఊడ్చేటప్పుడు ఎవరి చెయ్యో తగిలినట్టుంది. వెంటనే పెట్టేస్తే బాగుండదని, ఒక ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, గులాబీ పువ్వు పేజీ శ్రద్ధగా చదివి, ఆ తరువాత తగిలించాను. మేనేజరు చేతులు జోడించాడు. ఇద్దరికీ చెరొక కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. పెన్న మీద నుంచి గాలి వచ్చి చీరకొంగులు ఎగురుతున్నాయి. ఆ పుస్తకంలో అంతసేపు ఏం చదివినావుమే అని అక్క అడిగింది. తెరిచి చూపించాను. ఆమె నవ్వుకు సీటు ఊగిపోతుంటే ఆటో అతను బండి పక్కకు ఆపి, ఏమైందో అని దిగి టైర్లు చూసుకున్నాడు.